డాక్టరమ్మ దగ్గర దాచిన మాత్రలు

పన్ను నొప్పి కూడా ఒక రోగమేనా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ మొదట్లో అలా నవ్వినవాడినే. ఇప్పుడు నా కుడి దవడ కింద రెండంగుళాల మచ్చ ఉంది, దవడలో రెండు పళ్ల ఖాళీ ఉంది. గండం గడిచింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. ఎదుటి మనిషి చెప్పే ప్రతి మాట వెనకా ఇంకేదో ఉందనుకునేవాళ్లు నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు. కొంత నా గుండె దిటవు కోసం కూడా రాస్తున్నాను, దాచడమెందుకు.

మేం దేశం కాని దేశంలో, టాంపినీస్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ వాణి, పదకొండేళ్ల మా అమ్మాయి సాహితి. నాకు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం. అది సాఫ్ట్‌వేర్ వాళ్లకు రోజులు బాగున్న కాలం. ఆఫీసు క్యాంటీన్‌లో నెలకో కొత్త తెలుగు ముఖం కనపడేది, నెలకో పాత ముఖం పక్క బిల్డింగులో ఉద్యోగానికి వెళ్లిపోయేది. నా పని టెస్టింగ్, అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం. పన్నెండేళ్లు అదే పని చేస్తే పొద్దున ప్లేటులో పెట్టిన ఇడ్లీలో కూడా తప్పు వెతకడం అలవాటవుతుంది. "అందరికీ అనుమానం ఊరికే వస్తుంది, మీకు జీతమిచ్చి మరీ నేర్పారు" అంటుంది వాణి.

ఫిబ్రవరి చివర్లో మొదలైంది. కుడివైపు కింద, చివరి నుంచి మూడో పన్ను. ఎప్పుడో హైదరాబాదులో ఉన్నప్పుడు రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ పెట్టించుకున్నదే. దాని వెనక పన్నులో ఒక పుచ్చు కూడా ఉంది. కాఫీ తాగితే జివ్వుమనేది, అటువైపు నమిలితే చెవి దాకా లాగేది. నొప్పి కన్నా నన్ను భయపెట్టింది వేరే ఉంది. మా వంశంలో పళ్లు నిలవవు. మా నాన్నగారికి నలభై అయిదేళ్లకే కింది వరస మొత్తం పోయింది. కట్టుడు పళ్లు ఆయనకు కుదరలేదు. ఆ తర్వాత ఆయన నలుగురిలో కూర్చుని భోంచేయడం మానేశారు. పెళ్లిళ్లకు వెళ్లినా ఆఖరి బంతిలో, గోడ వైపు తిరిగి కూర్చునేవారు. ఈ నొప్పి వచ్చేనాటికి నాకు నలభై రెండు. ఒక్క పన్ను కదిలిందంటే వరసంతా దాని వెనకే పోతుందని నా భయం.

ఆఫీసులో ఒకాయన చెబితే సెరంగూన్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లాను. చేపల తొట్టి, మెత్తటి సోఫాలు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. నాకు ముందు లోపలికి వెళ్లినావిడ నీలం రంగు ఫైలు పట్టుకుని బయటకు వచ్చింది. డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రేలు తీసి, గోడంత తెర మీద చూపించి, పావుగంట ఓపిగ్గా చెప్పాడు. పాత రూట్ కెనాల్ తీసేసి మళ్లీ చేయాలి, దానికి స్పెషలిస్టు వేరే. కొత్త క్యాప్. వెనక పన్నుకూ రూట్ కెనాల్, క్యాప్. జ్ఞానదంతం తీసేయాలి. చిగుళ్ల లోపల నాలుగు విడతలుగా శుభ్రం చేయాలి. మొత్తం తొమ్మిది సిట్టింగులు, ఆరు నెలలు.

"ఇది అత్యుత్తమమైన పద్ధతి. పదిహేనేళ్లు ముందుకు చూసి చెబుతున్నాను" అన్నాడు.

"వీటిలో ముందు చేయాల్సింది ఏది?" అని అడిగాను.

"అన్నీ ముఖ్యమే."

మా పనిలో 'అన్నీ ముఖ్యమే' అన్నవాణ్ణి నమ్మం. ఒక పన్ను నొప్పితో వెళ్తే నోరంతా రిపేరుకు రాసిచ్చాడు. బయటకొచ్చేటప్పుడు నా చేతిలోనూ నీలం ఫైలు పెట్టారు. ఆ రంగు చూశాక నా అనుమానం స్థిరపడిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఒకటే ఫైలు, పేరు మార్చి ఇస్తున్నారని.

ఇంటికొచ్చి చెబితే వాణి కూడా ఆశ్చర్యపోయింది. "నొప్పి ఒక పన్నుకు కదండీ, తొమ్మిది సార్లేంది?" అంది. తను మామూలుగానే అడిగింది. నాకు మాత్రం కోర్టు తీర్పు వచ్చినంత బలం వచ్చింది.

ఇక్కడ మా ఇంట్లో ఉండే ఒక సంచీ గురించి చెప్పాలి. మా ఇంట్లోనే ఏమిటి, మా బ్లాకులో మనవాళ్ల ఇళ్లన్నింటిలోనూ ఉంటుంది. ఇండియా వెళ్లి వచ్చేటప్పుడల్లా పచ్చళ్లతో పాటు మందులు తెచ్చుకుంటాం. జ్వరానికి, దగ్గుకు, కడుపులో నొప్పికి, ఇన్‌ఫెక్షన్‌కు, అన్నీ స్ట్రిప్పుల లెక్కన. వాణి తమ్ముడు మాధవ్‌కు తెనాలిలో మందుల షాపు ఉండటంతో మా సంచీ అందరి సంచీల కన్నా లావు. మాధవ్‌కు ఫోన్ చేశాను.

"పంటి నొప్పా బావా? సంచీలో ఎర్ర స్ట్రిప్పు ఉంటది చూడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అయిదు రోజులు వాడాలి, మధ్యలో ఆపమాక. డాక్టరుకు కూడా చూపించుకో."

మూడు రోజులకే నొప్పి మంత్రం వేసినట్టు పోయింది. పది మాత్రల్లో ఆరు వేసుకున్నాను. తగ్గిపోయాక ఇంకా మింగడమెందుకు, మళ్లీ ఎప్పుడైనా అక్కరకొస్తాయని నాలుగు దాచాను. దాచడంలో నాకు ఎప్పుడూ సంతోషమే.

మార్చి మొదటి వారంలో, అంటే మాత్రలు ఆపిన మర్నాడే, రెండో డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా అంతస్తులోనే ఉండే ఖలీల్ భాయ్ చెప్పాడు. మలక్‌పేట మనిషి, ఇక్కడికి వచ్చి పదేళ్లు దాటింది. "అరె భాయ్, ఆమె దగ్గరికి పో. మా ఇంట్ల అందరి పండ్లు ఆమెనే సూస్తది. ఖాలీపీలీ పన్ను ముట్టదు" అన్నాడు. ఖలీల్ భాయ్‌కి ఆవిడ ఏమైనా ముట్టజెబుతుందా అని కూడా లిఫ్టు దిగేలోపు ఒకసారి అనుకున్నాను. అంతటి మంచి మనిషిని అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ క్లినిక్ ఒక బ్లాకు కింద, కూరగాయల దుకాణానికీ మంగలి షాపుకూ మధ్య ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఒక కుర్చీ చోప్ చేసి, అంటే తమదని ఆపి ఉంచి, మకాన్‌కు, అదే తిండికి, వెళ్లారు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నా ఎదురుగా ఒక ముసలాయన కట్టుడు పళ్లు తీసి రుమాల్లో చుట్టుకుంటున్నాడు. నేను తల తిప్పుకున్నాను.

సెరంగూన్ వాడి ఫైలు తీసుకెళ్లలేదు. అది మరుపు కాదు. మా టెస్టింగులో ఒక పద్ధతి ఉంది. తప్పు ఎక్కడుందో మనకు తెలిసినా ఎదుటివాడికి చెప్పం, తనంతట తాను పట్టుకుంటాడా లేదా చూస్తాం. డాక్టర్లకూ అదే పరీక్ష పెట్టాను. ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెబితే నమ్ముదామని.

డాక్టర్ ఆంగ్‌కు యాభై దాటి ఉంటాయి. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను. నొప్పి ఉందా, వాపు వచ్చిందా, జ్వరమా అని వరసగా అడిగారు. తర్వాత, "ఏమైనా మందులు వాడారా? యాంటీబయాటిక్ గానీ, నొప్పి మాత్రలు గానీ?"

"లేదు" అన్నాను.

ఎందుకలా అన్నానని తర్వాత అందరూ అడిగారు. పరీక్ష పాడవుతుందని కొంత. చీటీ లేకుండా తెచ్చుకున్న మందులంటే ఈ దేశంలో ఏమంటారోనని కొంత. తిడతారని కూడా. మూడూ కలిసి నోట్లోంచి ఒక్క మాటగా వచ్చాయి.

ఆవిడ అద్దం కాడతో పన్ను మీద తట్టారు, చిగురు నొక్కారు. నిజంగానే నొప్పి లేదు. ఎక్స్‌రేలో వేరు కొస దగ్గర గోరంత నల్లటి మచ్చ చూపించారు.

"పుస్తకం ప్రకారమైతే పాత రూట్ కెనాల్ మళ్లీ చేయాలి. కానీ ఆ క్యాప్ కోసేటప్పుడు పన్ను పగిలే ప్రమాదం ఉంది. ఈ మచ్చ పాతదా, పెరుగుతున్నదా అనేది ఒక్క ఎక్స్‌రేతో తెలియదు. నొప్పి లేదు, వాపు లేదు, మందులూ వాడలేదంటున్నారు. అంటే అది ప్రస్తుతానికి ఊరుకునే ఉంది. ముందు చిగుళ్లు శుభ్రం చేద్దాం, వెనక పన్నుకు ఫిల్లింగ్ పెడదాం. దీన్ని మూడు నెలల తర్వాత మళ్లీ ఫొటో తీసి చూద్దాం. ఈలోగా కాస్త వాచినా, నొప్పి వచ్చినా అదే రోజు రండి. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు."

మూడు సిట్టింగులు! బయటకొచ్చి మెట్ల దగ్గర నిలబడి సంతోషించాను. ఫీడర్ బస్సు ఎక్కేసరికి ఆ సంతోషం పోయింది. మరీ ఇంత తక్కువేమిటి? వాడు నన్ను పిండుకోవాలని చూస్తే ఈవిడ నన్ను వదిలించుకోవాలని చూస్తోందా? లేక వీడికి ఇంతకన్నా స్తోమత లేదులే అని నా చొక్కా చూసి నిర్ణయించిందా? ఆఫీసులో ఎక్సెల్ షీటు తెరిచి ఇద్దరూ చెప్పింది పక్కపక్కన పెట్టుకున్నాను. చిగుళ్ల దగ్గర ఇద్దరూ కలిశారు. ఆ పాత పన్ను దగ్గరే విడిపోయారు. నొప్పి లేదు కాబట్టి ఆవిడదే రైటని ఆకుపచ్చ రంగు వేశాను. నొప్పి ఎందుకు లేదో తెలిసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. ఆ సంగతి షీటులో ఎక్కడా లేదు.

"మాత్రల సంగతి ఆవిడకు చెప్పారా?" అని వాణి అడిగింది.

"చెప్పాన్లే" అన్నాను.

ఏప్రిల్‌లో ఆఫీసులో గో-లైవ్, అంటే కొత్త ప్రోగ్రాము వాడకంలోకి వచ్చే రోజులు, తల తిప్పుకునే తీరిక ఉండదు. చిగుళ్లు శుభ్రం చేయించుకున్నాను, ఫిల్లింగ్ కూడా అయింది. వారం తిరిగేసరికి కుడి దవడ కింద బఠాణీ అంత గట్టిదనం తగిలింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆవిడ ఫిల్లింగ్ వల్లే ఇది వచ్చిందని తేల్చుకున్నాను. చెడగొట్టినావిడ దగ్గరికే మళ్లీ వెళ్లడమా? అదే రోజు రమ్మన్న మాట గుర్తుంది, అయినా వెళ్లలేదు. సంచీలో నాలుగు మాత్రలు ఉన్నాయి కదా. రెండు రోజులు అవి వేసుకున్నాను. కొంచెం తగ్గినట్టే అనిపించింది. మాత్రలు అయిపోయిన రెండో రోజు పొద్దున క్యాంటీన్‌లో ఉప్మా చెంచా పళ్ల మధ్యకు వెళ్లలేదు. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. ఉమ్మి మింగుతుంటే గొంతులో గాజుపెంకు దిగినట్టుంది. అద్దంలో చూసుకుంటే కుడి చెంప ఇంకొకరిది.

వాణి ట్యాక్సీలో వచ్చి తిన్నగా డాక్టర్ ఆంగ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ లోపలున్న పేషెంటును కూర్చోబెట్టి బయటకొచ్చారు. దవడ కింద వేళ్లతో నొక్కి చూసి, నా ముందే హాస్పిటల్‌కు ఫోన్ చేశారు, ఉత్తరం రాశారు. రాస్తూ మళ్లీ అడిగారు. "మందులేమైనా?"

తల అడ్డంగా ఊపాను. అప్పుడు కూడా! దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. ఒకసారి లేదన్నాక ఇప్పుడు ఉందంటే మొదటిది ఏమవుతుంది? ఆవిడ మాతో పాటు ట్యాక్సీ దాకా నడిచొచ్చి, ఎక్కడా ఆగకుండా పొమ్మని డ్రైవరుకు వాళ్ల భాషలో చెప్పారు.

హాస్పిటల్లో సర్జన్ కూడా అదే ప్రశ్న వేశాడు. నేను తల ఊపేలోపే వాణి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఖాళీ ఎర్ర స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"మా తమ్ముడు ఇచ్చినవి. ఫిబ్రవరిలో ఆరు వేసుకున్నారు, ఈ వారంలో నాలుగు. ఎవరికీ చెప్పలేదు" అంది.

ఆ స్థితిలో కూడా నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? నా సంచీ ఈవిడ ఎప్పుడు వెతికింది అని. సర్జన్ కోప్పడలేదు. స్ట్రిప్పు మీది పేరు రాసుకుని నర్సుతో ఎక్కించే మందు మార్చమన్నాడు. వాపు గొంతు వైపు దిగుతోందని, ఊపిరికి అడ్డం పడకముందే బయట నుంచి కోసి చీము తీయాలని చెప్పాడు. ఎన్ని పళ్లు పోతాయని అడగాలనుకున్నాను, నోరు తెరుచుకోలేదు.

మెలకువ వచ్చాక మొదట నాలుకతో తడుముకున్నాను. రెండు ఖాళీలు. పాతదీ, దాని వెనకదీ. మిగతావి ఉన్నాయి. మళ్లీ మళ్లీ తడిమి చూసుకున్నాను. మా నాన్నగారు గోడ వైపు తిరిగి కూర్చున్న వీపు కళ్ల ముందుకొచ్చింది, ఏడుపొచ్చింది.

వార్డులో ఆరు రోజులు. అటెండెంట్ ఆంటీ ఒకావిడ గొట్టాన్ని ఎలా వంచి ఎడమ చెంప నుంచి గంజి పీల్చాలో తను చేసి చూపించేది. పక్క మంచం చైనీస్ అంకుల్ నేను పడుకున్నప్పుడల్లా టీవీ గొంతు తగ్గించేవాడు. ఖలీల్ భాయ్ ఇంటి నుంచి మరగ్ వచ్చేది. మాంసం ముక్కలు తీసేసి, రెండుసార్లు వడకట్టి, ఫ్లాస్కులో పోసి పంపేవారు. "తాగు భాయ్, పండ్లతో పని లేదు దీనికి" అనేవాడు. మాధవ్ ఫోన్ చేసి ఏడ్చాడు. "చూడకుండా మందు చెప్పాను, తప్పు నాది బావా" అన్నాడు. "నువ్వు అయిదు రోజులన్నావు. డాక్టరుకు చూపించుకోమన్నావు" అని పళ్ల సందు నుంచి అతి కష్టం మీద చెప్పాను.

వాణి రోజూ వచ్చి కూర్చునేది, మాట్లాడేది కాదు. మూడో రోజు దుప్పటి సర్దుతూ ఒక్కసారిగా అంది.

"డాక్టరుతో అబద్ధమాడితే ఆడారు. నాతో ఎందుకండీ? నన్ను కూడా అనుమానించారా?"

కాగితం మీద 'భయం' అని రాసి చూపించాను. తను చదివి, "భయమైతే చెప్పాలి గానీ దాస్తారా?" అని కళ్లు తుడుచుకుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. సాహితి మంచం కొస మీద కూర్చుని ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "డాడీ, యూ ఆల్వేస్ టెల్ మీ డోంట్ లై. దెన్ యూ లై టు డాక్టర్. హౌ కెన్, లా?"

జూన్‌లో డాక్టర్ ఆంగ్ దగ్గరికి వెళ్లాను. ఈసారి నీలం ఫైలు కూడా తీసుకెళ్లి ముందు పెట్టాను. ఆవిడ ఒక్కో పేజీ చదివారు.

"మంచి ప్లానే. ఏది ముందో, ఏది ఆగుతుందో రాయలేదు, అంతే. ఆ పన్ను విషయంలో ఆయన చెప్పిందే సరైనది."

"మీరు చూద్దాం అన్నారు కదా" అన్నాను. నాలో పాత బుద్ధి ఇంకా చావలేదు.

ఆవిడ నా పాత కాగితం నా వైపు తిప్పారు. 'మందులు: లేవు' అని ఆ రోజు తేదీతో ఉంది. "మీరు మాత్రలు వేసుకున్నారని తెలిస్తే నేను చూద్దాం అనేదాన్ని కాదు. ఆ వారమే స్పెషలిస్టు దగ్గరికి పంపేదాన్ని. పన్ను దక్కకపోతే అదొక్కటి తీసేదాన్ని. వెనకది మిగిలేది. నేను ఉన్నంతలో ఏది మేలో చూసి చెబుతాను. ఉన్నదేదో మీరు చెప్పాలి కదా."

క్షమించమని అడిగాను. ఆవిడ తల ఊపి, కొత్త కాగితం తీసుకున్నారు. ఉత్తమమైనదేమిటో ముందు చెప్పారు. ఆ రెండు ఖాళీల్లో ఎముకలోకి దించి బిగించే ఇంప్లాంట్ పళ్లు. కానీ ఎముక మానాలి, చిగుళ్లు కుదుటపడాలి, ఏడాది లోపు ఆ ఆలోచన వద్దు. ఈలోగా మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకోవడం. తర్వాత, నేనెన్నడూ డాక్టర్ల నోట వినని ప్రశ్నలు అడిగారు. ఈ ఊళ్లో ఎన్నేళ్లు ఉంటారు? పని మానుకుని ఎన్నిసార్లు రాగలరు? అన్నిటికన్నా మీకు ఏది కావాలి?

"నలుగురిలో కూర్చుని తినాలి. మిగతా పళ్లు దక్కుతాయా?" అన్నాను.

"వస్తూ ఉండండి. చాలావరకు దక్కుతాయి."

హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన రోజే వాణి సంచీలోని మాత్రలన్నీ మందుల షాపులో ఇచ్చేసింది. మీ ఇళ్లలోనూ సంచీలు ఉంటాయి, పారేయమని చెప్పను. డాక్టరు అడిగినప్పుడు మాత్రం చెప్పండి. పరీక్ష పెట్టాలనుకుంటే ఇంకేదైనా దాచండి, ఇది దాచకండి. ఎక్కువ చెప్పినవాడు దొంగ కాకపోవచ్చు, తక్కువ చెప్పినావిడ నిర్లక్ష్యం చేసినట్టూ కాకపోవచ్చు.

మొన్న మూడోసారి వెళ్లాం. పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి, ఒక్కటీ కదలలేదు. లోపల కూర్చున్నాక డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఎప్పటిలాగే అడిగారు, ఏమైనా మందులు వాడుతున్నారా అని. "లేదు" అన్నాను. అది నిజం. ఆవిడ రాసుకోలేదు. తలెత్తి, నా భుజం మీదుగా వెనక కుర్చీలో ఉన్న వాణి వైపు చూశారు.

"లేదు డాక్టర్" అంది వాణి.

అప్పుడు రాసుకున్నారు. గుచ్చుకోలేదంటే అబద్ధమవుతుంది. కానీ డాక్టరమ్మ కుర్చీలో నేనున్నా వాణినే అడిగేవాణ్ణి.